ఒండ్రు పడితే మడ, పడకుంటే పగడం

చిత్రావతి ఒడ్డున పుట్టినవాళ్లకు సముద్రం పరాయిది కాదు. తెడ్డు పట్టుకుని ఒక సముద్రాన్ని, ముఖానికి మాస్కు కట్టుకుని మరో సముద్రాన్ని చూసి రావాల్సిన అవసరం మనకే ఎక్కువ.

ధర్మవరం, హిందూపురం, పెనుకొండ, పుట్టపర్తి... ఏ ఊరి నుంచైనా సరే, రామేశ్వరం యాత్రకు బస్సులు కదులుతూనే ఉంటాయి. అగ్నితీర్థంలో మునక, తడిబట్టలతోనే గుడిలోని ఇరవై రెండు తీర్థాల స్నానం, స్వామి దర్శనం, ధనుష్కోడిలో మహోదధి, రత్నాకరం కలిసేచోట ఒక నమస్కారం. మరుసటి రోజు బస్సు మదురై దారి పడుతుంది. సముద్రంలో మూడు మునకలు వేసి వచ్చినవాళ్లలో, ఆ నీళ్లలో కళ్లు తెరిచి చూసినవాళ్లు ఎందరు? అడిగితే మన వైపు మాట ఒకటే: "చూసేకి ఏముంటాది సామీ, నీళ్లే గదా."

ఆ నీళ్ల కింద ఒక జాతీయ పార్కు ఉంది. రామేశ్వరం దీవి దక్షిణపు ఒడ్డు నుంచి తూత్తుకుడి దాకా ఇరవై ఒక్క దీవులు, వాటి చుట్టూ పగడపు దిబ్బలు, సముద్రపు గడ్డి మైదానాలు. 1986లో దీన్ని మన్నారు సింధుశాఖ సముద్ర జాతీయ పార్కుగా ప్రకటించారు. 1989లో దాని చుట్టూ 10,500 చదరపు కిలోమీటర్లను జీవావరణ రిజర్వుగా గుర్తించారు. దక్షిణ, ఆగ్నేయాసియాల్లో సముద్రానికి అలాంటి గుర్తింపు దక్కడం అదే మొదలు. మనం ఏటా దాని గుమ్మం దాకా వెళ్లి వెనక్కి వస్తున్నాం.

పుట్టపర్తి నుంచి తిన్నగా గీత గీస్తే తూర్పు సముద్రం సుమారు 250 కిలోమీటర్లు. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన పడితే సంతోషించే నేల మనది. కానీ మన ఏరు ఎటు పోతుందో చూడండి. నందికొండల దాపున పుట్టిన చిత్రావతి, హిందూపురం వైపు నుంచి వచ్చి పుట్టపర్తిని ఒరుసుకుని, ధర్మవరం దాటి, గండికోట దగ్గర పెన్నలో కలుస్తుంది. పెన్న నెల్లూరు మీదుగా ఊటుకూరు దగ్గర సముద్రంలో పడుతుంది. చెరువులన్నీ నిండి మరవ పారిన ఏడాది, బుక్కపట్నం చెరువు దాటిన ఎర్రనీళ్లు చివరికి చేరాల్సింది అక్కడికే. నీళ్లతో పాటు మన చేల మట్టీ పోతుంది. ఆ మట్టి ఎక్కడ పడుతుంది, ఎక్కడ పడదు అన్నదే మన తీరాల రూపాన్ని నిర్ణయిస్తుంది.

నది పెద్దదైతే ఒండ్రు తెస్తుంది. ఒండ్రు కలిసిన నీళ్లు మసకగా ఉంటాయి, ఉప్పదనమూ తగ్గుతుంది. అక్కడ మడ చెట్టు పెరుగుతుంది, పగడం బతకదు. పగడం చెట్టు కాదు, రాయీ కాదు. సున్నపు గూడు కట్టుకుని బతికే చిన్న ప్రాణుల గుంపు అది. వాటి ఒంట్లో కంటికి కనపడని నాచు కాపురం ఉంటుంది. ఆ నాచు ఎండను తిని, తన తిండిలో చాలా భాగం పగడానికి పెడుతుంది. మసకనీళ్లలోకి ఎండ దిగదు, పైగా మట్టి మీదపడి ఆ ప్రాణుల నోళ్లు మూసుకుపోతాయి. కృష్ణా గోదావరులు పడే మన కోస్తాలో పెద్ద పగడపు దిబ్బలు లేకపోవడానికి కారణం ఇదే. నది పడేచోటికి పడవ వేసుకుని వెళ్లాలి, నది పడనిచోట నీళ్లలో తల ముంచాలి. రెండూ చూస్తేనే సముద్రం సంగతి సగమైనా తెలుస్తుంది.

ముందు నది పడేచోటు.

శ్రీ సత్యసాయి ప్రశాంతి నిలయం స్టేషన్లో భువనేశ్వర్ వెళ్లే ప్రశాంతి ఎక్స్‌ప్రెస్ ఎక్కి సామర్లకోటలో దిగితే కాకినాడ పక్కనే. కాకినాడ నుంచి యానాం రోడ్డులో కొంత దూరం పోతే చొల్లంగి దగ్గర కోరంగి అభయారణ్యం. 1978లో ప్రకటించిన ఈ అరణ్యం విస్తీర్ణం 235 చదరపు కిలోమీటర్ల పైచిలుకు. సుందర్‌బన్స్‌ను పక్కనపెడితే దేశంలో ఇంత పెద్ద మడ అడవులు కొన్నే ఉన్నాయి. చెక్కల వంతెన మీద నడుస్తూ లోపలికి పోతుంటే, రెండు పక్కలా బురదలోంచి పెన్సిళ్లంత వేళ్లు నిలువునా పైకి పొడుచుకుని ఉంటాయి. ఆ బురదలో గాలి ఉండదు కాబట్టి, మడ చెట్టు ఇలా వేళ్లను పైకి పంపి ఊపిరి పీలుస్తుంది. పీల్చుకున్న ఉప్పును ఆకుల మీదికి నెట్టేస్తుంది. ఆకు కోసి నాలుక మీద పెట్టుకుంటే తెలుస్తుంది. అయితే తిల్ల చెట్టు జోలికి మాత్రం పోవద్దు. దాని పాలు కంట్లో పడితే చూపు పోతుంది.

కోరంగిలో పడవ ఎక్కడానికి గడియారం కన్నా ఆటుపోట్లను చూసుకోవాలి. పోటు మీద ఉన్నప్పుడు పాయలన్నీ నిండి పడవ కొమ్మల కింద దాకా వెళ్తుంది. పాటు తీసినప్పుడు ఒడ్డు బయటపడి మరో లోకం కనిపిస్తుంది. ఒక గిట్ట పెద్దగా, ఒక గిట్ట చిన్నగా ఉన్న పీతలు బొరియల ముందు కూర్చుని పిలుస్తున్నట్టు గిట్ట ఊపుతుంటాయి. రెక్కల మీద పాకుతూ బురదలో గెంతే చేపలు ఉంటాయి. నీటికుక్కలు గుంపుగా ఈదుతాయి. బావురు పిల్లి రాత్రి పూట నీళ్లలోకి దిగి చేప పడుతుంది కాబట్టి అది పగలు కనపడితే అదృష్టమే. కనపడకపోయినా బురద మీద దాని అడుగులు వెతకడం నాకిష్టం.

ఈ అడవికి బయట వైపు, సముద్రానికి అడ్డంగా హోప్ ఐలాండ్ ఉంది. గోదావరి మోసుకొచ్చిన ఇసుకతో గత రెండు వందల ఏళ్లలోనే పెరిగిన దిబ్బ అది. కాకినాడ రేవుకు అలల దెబ్బ తగలకుండా కాస్తోంది. చలికాలం చివర్లో ఆలివ్ రిడ్లే తాబేళ్లు ఆ ఇసుకలో గుడ్లు పెట్టడానికి వస్తాయి. ఇక్కడికి కొద్ది దూరంలోనే ఉప్పాడ. అక్కడ సముద్రం ఏటికేడు ఊరిని కోసుకుపోతోంది. ఒకచోట నేల పెరగడం, మరోచోట తరగడం ప్రవాహాల పని. కానీ నదులు తెచ్చే ఒండ్రే తగ్గిపోతే తరగడమే మిగులుతుంది. ఆ ఒండ్రు ఏమైందో చెప్పడానికి దూరం పోనక్కర్లేదు. మన జిల్లాకు ఎగువ కాలువతో నీళ్లిచ్చే తుంగభద్ర డ్యామును 133 టీఎంసీల కోసం కట్టారు. ఇప్పుడు పట్టేది 105 టీఎంసీల చుట్టూ. తక్కిన చోటంతా పూడిక. హంసలదీవి దగ్గర కృష్ణ డెల్టాకు, అక్కడి మడలకు అందాల్సిన మట్టి హొసపేట దగ్గర ఆగిపోయింది. మనం తాగిన నీళ్లకు, మనం ఎన్నడూ చూడని ఊళ్ల ఒడ్డుకు ఇంత దగ్గరి లంకె.

కోరంగి ఒకప్పుడు మహా రేవు. 1789 డిసెంబరులో వచ్చిన తుపాను ఉప్పెనకు ఊరు తుడిచిపెట్టుకుపోయింది. మళ్లీ లేచింది. 1839 నవంబరులో మరో ఉప్పెన ఓడలను ఊళ్లోకి విసిరేసింది. ఆ తర్వాత రేవు కోలుకోలేదు. బర్మాలో తెలుగువాళ్లను 'కోరంగీలు' అని పిలిచారంటే ఆ రేవు నుంచి ఎందరు వెళ్లారో ఊహించుకోవచ్చు. 1843లో 'కోరంగి పాకెట్' అనే ఓడ తెలుగు కూలీలను మారిషస్‌కు తీసుకుపోయింది. ఆ మాట దగ్గరికి మళ్లీ వస్తాను.

మన కోస్తాలో తెడ్డు పడవ నేర్చుకోవాలనుకుంటే విశాఖలోని రుషికొండ ఉంది. పెద్ద నది మొగ దగ్గర్లో లేదు, తీరంలో రాళ్లున్నాయి, అందుకే నీళ్లు కాస్త తేటగా ఉంటాయి. కయాకింగ్, స్కూబా రెండూ అక్కడ నేర్పుతున్నారు. ఆ రాళ్ల మీద అక్కడక్కడా పగడపు ప్రాణులూ ఉన్నాయి. దిబ్బలను చూడాలంటే మాత్రం దక్షిణానికి పోవాల్సిందే.

రామనాథపురం జిల్లాలోకి అడుగుపెడితే మనవాళ్లకు కొత్త అనిపించదు. తుమ్మ చెట్లు, ఎండిన చెరువులు, ఆకాశం వైపు చూసే చేలు. అక్కడి వైగై నది కూడా మన ఏళ్ల లాంటిదే. మదురై దాటాక సన్నబడి, రామనాథపురం పెద్ద చెరువులో చేరుతుంది. అది నిండి పొంగితేనే మిగులు నీళ్లు సముద్రానికి. ఈ కరువే పగడానికి వరమైంది. మట్టి మోసుకొచ్చే పెద్ద నది లేదు కాబట్టే అక్కడ 117 రకాల గట్టి పగడాలు బతుకుతున్నాయి. కరువు నేల పక్కనే అంత సంపన్నమైన సముద్రం ఉండటం చూసినప్పుడు, ఎండిన ఏటిని చూసి పెరిగిన నాలాంటివాడికి కలిగే సంతోషం వేరు.

రామేశ్వరం దీవికి ఉత్తరాన పాక్ అఖాతం, దక్షిణాన మన్నారు సింధుశాఖ. ఉత్తరపు సముద్రాన్ని అక్కడి జాలర్లు ఆడ సముద్రమని, దక్షిణపు దాన్ని మగ సముద్రమని అంటారు. ఉత్తరం వైపు నీళ్లు లోతు తక్కువ, సాధారణంగా నెమ్మది. నైరుతి గాలుల కాలంలో దక్షిణం రేగుతుంది, ఈశాన్య గాలులు మొదలయ్యాక ఉత్తరమూ రేగుతుంది. సంక్రాంతి దాటాక మార్చి దాకా ఉండే రోజులు కొత్తవాళ్లకు మంచివి.

నవపాషాణం కోసం మన యాత్రికులు దేవీపట్నం వెళ్తారు కదా. ఆ తీరం వెంటే ఇంకాస్త ఉత్తరానికి పోతే కారంకాడు అనే జాలరి పల్లె. ఊరి పక్కన ఏరు సముద్రంలో కలిసేచోట మడ అడవి. అటవీ శాఖ, ఊరివాళ్లు కలిసి అక్కడ పడవలు, కయాకులు నడుపుతున్నారు. కయాక్ అంటే ఒకరో ఇద్దరో కూర్చునే సన్నని పడవ, రెండు చివరలా రెక్కలున్న తెడ్డు. ధ్రువప్రాంతపు వేటగాళ్లు సీల్ తోలుతో కట్టుకున్న పడవకు ఇది వారసురాలు. చప్పుడు లేకుండా వేటకు దగ్గరవడమే దాని పుట్టుక రహస్యం. మడ పాయల్లో మనకు పనికొచ్చేదీ అదే. ఇంజిన్ పడవ వస్తుంటే కొంగలు మలుపు అవతలే లేచిపోతాయి. కయాక్ మీదైతే అవి మెడ తిప్పి చూసి తమ పనిలో తాము ఉంటాయి.

తెడ్డు వెయ్యడం కష్టమేమీ కాదు. చేతులతో లాగితే పావుగంటలో భుజాలు పట్టేస్తాయి. నడుము తిప్పి వేస్తే చాలాసేపు పోవచ్చు. కొత్తవాళ్లు చేసే తప్పు గాలి వెనకనుంచి ఉన్నప్పుడు హుషారుగా దూరం పోవడం. తిరిగి రావాల్సింది ఆ గాలికి ఎదురుగానే. కాబట్టి ముందు ఎదురుగాలిలో పోవాలి, అలిసిపోయాక గాలే ఇంటికి తెస్తుంది. లైఫ్ జాకెట్ బకిల్ వదులుగా పెట్టుకుని ఫొటోలకు నిలబడటం కూడా చూస్తుంటాం. బోర్లాపడిన పడవ దగ్గర ఆ జాకెట్ మెడ మీదినుంచి జారిపోతుంది. భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగితే కదలకూడదు. అలా బిగించుకోవాలి.

రామనాథపురం, మండపం మధ్య పాక్ అఖాతం ఒడ్డునే పిరప్పన్‌వలసై ఉంది. స్నార్కెలింగ్ అక్కడ. మాస్కు, నోట్లో గొట్టం, గైడు తోడు. మొదటి నిమిషం అందరికీ ఒకటే. నీళ్లలో ముఖం పెట్టగానే ఒళ్లు ఊపిరి బిగబడుతుంది. ముక్కు మూతపడి ఉంది, నోటితో పీల్చాలి అన్న సంగతి మెదడుకు ఎక్కాలి. నడుము లోతు నీళ్లలో నిలబడి, గొట్టంలో తన ఊపిరి చప్పుడు తానే వింటూ పది సార్లు నిదానంగా పీల్చి వదిలితే భయం దిగిపోతుంది. ఆ తర్వాత కాళ్లు తేలనివ్వాలి.

అప్పుడు కనపడేదాన్ని తొందరపడి చూడకూడదు. ముందు సముద్రపు గడ్డి. గాలికి వరిమడి ఊగినట్టు నీటికి ఊగుతుంది. అందులో గుర్రపు మూతి సముద్రపు గుర్రాలు తోకలతో గడ్డిని పట్టుకుని నిలబడతాయి. అవి కనపడాలంటే కన్ను అలవాటు పడాలి. డ్యూగాంగ్‌లు తినేది ఈ గడ్డినే. అక్కడివాళ్లు 'కడల్ పసు' అనే ఆ జంతువు పెద్దదైతే రోజుకు 40 కిలోల దాకా మేస్తుంది. దానికోసమే తమిళనాడు ప్రభుత్వం 2022లో పాక్ అఖాతంలో ఇంకాస్త ఉత్తరాన 448 చదరపు కిలోమీటర్లను డ్యూగాంగ్ రిజర్వుగా ప్రకటించింది. గడ్డి దాటాక పగడం. గుండ్రాళ్ల లాంటివి, కొమ్ములు చాచినవి, పలకలు పరిచినట్టున్నవి. నీళ్లలో, అద్దం వెనకనుంచి చూస్తాం కాబట్టి అన్నీ ఉన్నదానికంటే మూడో వంతు పెద్దగా, దగ్గరగా కనిపిస్తాయి. అందుకని చెయ్యి చాచి అందుకోబోతాం. అందుకోకూడదు. పగడం పైపొర చర్మం కన్నా పల్చన, ఒక్క కాలు దాని మీద మోపితే ఏళ్ల తరబడి కట్టుకున్న గూడు విరుగుతుంది. చెవులు నీళ్లలో ఉన్నాయి కాబట్టి చిటపట శబ్దం వినిపిస్తుంది. గిట్టను టక్కున మూసే రొయ్యలవి. చిలుక చేప పగడపు రాతిని కొరికే చప్పుడు కూడా తెలుస్తుంది. అది కొరికి, నాచు తిని, మిగిలిన రాతిని ఇసుకగా విసర్జిస్తుంది. పగడపు తీరాల్లో తెల్ల ఇసుక కొంత ఈ చేప పెట్టిన భిక్షే.

ఈ అందానికి దెబ్బలు తక్కువ తగల్లేదు. పగడపు రాతిని తవ్వి సున్నం బట్టీలకు, ఇళ్ల గోడలకు దశాబ్దాల పాటు తరలించారు. ఫలితంగా ఆ ఇరవై ఒక్క దీవుల్లో పూవరసన్‌పట్టి, విలాంగుచల్లి అనే రెండు సముద్రంలో మునిగిపోయాయి. దిబ్బ పోతే దీవికి కాపు పోతుంది. 2001లో పగడాలను వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో, అంటే పులి ఉన్న చోటే చేర్చారు. తవ్వకం ఆ తర్వాత ఆగింది. ఆగిన వేటు స్థానంలో వేడి వచ్చింది. నీళ్లు మామూలు కన్నా ఒక్క డిగ్రీ ఎక్కువగా కొన్ని వారాలు ఉంటే పగడం తనలోని నాచును వెళ్లగొడుతుంది. రంగు పోయి పాలిపోతుంది, వేడి తగ్గకపోతే ఆకలితో చచ్చిపోతుంది. మన్నారులో 2010లోనూ, 2016లోనూ ఇదే జరిగింది. పగడం పాలిపోయిందంటే చనిపోయిందని కాదు. చల్లబడితే కోలుకునేవీ ఉన్నాయి. అలాంటి సమయంలో మనిషి తాకిడి మరీ ప్రమాదం.

ఆ నీళ్లను మనకన్నా బాగా ఎరిగినవాళ్లు సముద్రపు నాచు ఏరే ఆడవాళ్లు. చేతివేళ్లకు గుడ్డపేలికలు చుట్టుకుని, కళ్లకు అద్దాలు పెట్టుకుని మునిగి, రాళ్ల మీది నాచును కోసుకొస్తారు. అందరూ ఎప్పుడూ కోస్తే మిగలదని, అమావాస్య, పున్నమిల చుట్టూ కొన్ని రోజులే పనిచెయ్యాలని తమకు తామే కట్టుబాటు పెట్టుకున్నారు. పార్కు హద్దులు గీసినప్పుడు వాళ్ల బతుకుదెరువు మీదే గీత పడింది. రిజర్వు అన్నప్పుడు ఈ మాట దాటవెయ్యకూడదు. టికెట్టు కొని అరగంట చూసి పోయే మనకు తలుపులు తెరిచి, తరతరాలుగా అక్కడ మునిగినవాళ్లకు మూస్తే అది రక్షణ అనిపించుకోదు. కారంకాడు, పిరప్పన్‌వలసైలలో ఊరి కమిటీల చేతికి పని, ఆదాయం రావడం సరైన దారి. అందుకే వెళ్తే వాళ్ల దగ్గరికే వెళ్లండి, అక్కడి ఊరివాళ్లనే గైడుగా తీసుకోండి.

ఈ పద్ధతి మనకు తెలియనిది కాదు. హిందూపురం అవతల చిలమత్తూరు మండలం వీరాపురంలో ఎర్రమూతి కొంగలు ఏటా వచ్చి ఊరి చెట్ల మీదే గూళ్లు కడతాయి. వాటి వాసన, అరుపులు, రెట్టలు అన్నీ భరించి ఊరివాళ్లు కాపాడుకుంటున్నారు. ఆ ఊరివాళ్లను పిరప్పన్‌వలసైకి తీసుకెళ్తే ఒకరి భాష ఒకరికి రాకపోయినా మాట కలుస్తుందని నా నమ్మకం.

ఇప్పుడు కోరంగి ఓడ సంగతి. చెరకు తోటల్లో పని కోసం మారిషస్ చేరిన తెలుగువాళ్ల వారసులు నేటికీ అక్కడ ఉగాది చేసుకుంటారు, ఆ రోజు దేశమంతా సెలవు. ఆ దీవి ఆగ్నేయపు మూల బ్లూ బే అనే చోట 353 హెక్టార్ల సముద్ర పార్కు ఉంది. 2000లో దాన్ని మెరైన్ పార్కుగా ప్రకటించారు, 2008లో రామ్‌సర్ జాబితాలో చేరింది. మెదడు ముడతల్లాంటి గీతలున్న బ్రహ్మాండమైన పగడాన్ని చూడటానికి జనం మాస్కులు పెట్టుకుని దిగుతారు. 2020 జూలై 25న వకాషియో అనే భారీ ఓడ ఆ పార్కుకు చేరువలోనే దిబ్బ మీదికెక్కింది. ఆగస్టు 6 నుంచి దాదాపు వెయ్యి టన్నుల చమురు సముద్రంలోకి కారింది. జనం ప్రభుత్వం కోసం చూస్తూ కూర్చోలేదు. గోనెల్లో, గుడ్డ సంచుల్లో ఎండిన చెరకాకు కూరి, కుట్టి, తాడులా కట్టి సముద్రంలో తేలేశారు, చమురును అడ్డుకోవడానికి. ఏ చెరకు కోసం కోరంగి నుంచి ఓడ ఎక్కించారో ఆ చెరకాకుతోనే. ఆ పని చేసిన చేతుల్లో తెలుగు చేతులూ ఉండే ఉంటాయి.

మళ్లీ మన దగ్గరికి. నేను చెప్పే ఈ యాత్ర రేపే పెట్టుకోవద్దు. ముందు ఈత నేర్చుకోవాలి. మన పల్లెల్లో బావి గట్టు మీద నడుముకు ఎండు సొరబుర్రో బెండ్లో కట్టి పిల్లల్ని నీళ్లలోకి తోసేవాళ్లు. బావులు ఎండి, బోర్లు వచ్చాక ఆ చదువు పోయింది. ఈత రాని ఒక తరం మన జిల్లాలో పెరిగింది. చెరువు నిండిన ప్రతి ఏడాదీ పిల్లలు మునిగిపోయిన వార్తలు చదువుతున్నాం. అది తలుచుకుంటే గుండె బరువెక్కుతుంది. ఇప్పుడు హంద్రీనీవా కాలువతో కృష్ణ నీళ్లు పెనుకొండ దగ్గరి గొల్లపల్లి జలాశయం దాకా వచ్చాయి. ఇన్నాళ్లకు జిల్లాలో నిలకడగా నీళ్లున్నాయి. ఒక ఒడ్డున, లోతు తెలిసిన చోట, తాడు కట్టి, శిక్షకుణ్ణి పెట్టి, బడిపిల్లలకు ఈత, తెడ్డు నేర్పే ఏర్పాటు చెయ్యడానికి పెద్ద ఖర్చు కాదు. నాలుగు కయాకులు, ఇరవై లైఫ్ జాకెట్లు, ఈత వచ్చిన ఇద్దరు పెద్దలు చాలు. జిల్లా అధికారులు ఈ వేసవి సెలవుల్లోనే ఒక్క చోటైనా మొదలుపెట్టాలని అడుగుతున్నాను.

రామేశ్వరం వెళ్లేవాళ్లు తిరుగు ప్రయాణానికి ఒక్క రోజు ఎక్కువ పెట్టుకోండి. పొద్దున్నే గాలి లేవకముందు నీళ్లలోకి దిగండి. క్రీములు పూసుకోకుండా నిండు చేతుల చొక్కా వేసుకోండి, ఎండకు అదే మంచి కాపు, పగడానికీ హాని లేదు. బజారులో పగడపు ముక్కలు అమ్మితే కొనకండి, అది నేరం కూడా. పిల్లలు ఉంటే వాళ్లకే ముందు మాస్కు ఇవ్వండి.